ఇంటిపేరు వేనిల్

ఎడ్మండ్‌సన్ పార్క్, సిడ్నీ
9 జూన్ 2025

ప్రసూనా,

అన్న దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, నా చెవులు తప్ప. కొత్త మిషన్ పెట్టుకుంటే ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది, మనుషులు వినిపించడం లేదు. అందుకని ఫోన్ చెయ్యకు. పోయినసారి నువ్వు "కాళ్ళు వాస్తున్నాయా" అని అడిగితే, "కాయలు కాస్తున్నాయా" అన్నావనుకుని నిమ్మచెట్టు సంగతంతా చెప్పాను. నువ్వు ఏమనుకున్నావో. మెసేజ్ కూడా వద్దు. నాకు వచ్చేవన్నీ మనవరాలు చైత్ర ఐప్యాడ్‌లో కూడా కనిపిస్తాయట, ఎలా కలిపిందో ఏమో. ఉత్తరం రాయి. ఈ ఇంట్లో పోస్టు డబ్బా తెరిచేది నేనొక్కడినే.

ఎందుకు ఇంత రహస్యమంటావా? నేను గయకు పోవాలనుకుంటున్నాను. ఈ భాద్రపద అమావాస్యకు అక్కడ ఉండాలి. మావాడు హేమచంద్రకు తిరుపతి అని మాత్రమే చెప్పాను. చిత్తూరు నుంచి సుబ్బు తోడు వస్తానన్నాడు. గయలో పిండం పెడితే ఇక ఏటా పెట్టనక్కర లేదంటారు. నాకు డెబ్బయ్యెనిమిది. నా తర్వాత హేమచంద్ర ఇవన్నీ చెయ్యడు. వాడి తప్పు కాదు, వాడికి తెలియదు. నేనే అందరినీ దింపేసి పోతే మంచిది.

నాన్న, అమ్మ, అవ్వ, జేజినాయన. వీళ్ళ సంగతి సరే. నాకు దిగులంతా వేనిల్ వాదు గురించి.

నీకు గుర్తుందో లేదో. అందరికీ నీళ్ళు వదిలాక చివర ఒక్కసారి, ఆయనకు. అందరి ముద్దలూ పెట్టాక చివర ఒక ముద్ద, కొంచెం దూరంగా. జేజినాయన ఇరాక్‌లో బస్రా యుద్ధం నుంచి వచ్చిన ఏడు మొదలుపెట్టాడు. ఆయన తర్వాత నాన్న చేశాడు, నాన్న తర్వాత నేను. ఇంటిపేరు వేనిల్, పేరు వాదు. గోత్రం తెలియదు కాబట్టి కాశ్యప గోత్రం. ఎవరు జేజినాయనా అని అడిగితే, "ఆడ పోయినోడు" అని మాత్రం అనేవాడు.

ఆ ముద్దను ఎప్పుడూ కాకి ముట్టలేదు. ఊళ్ళో ముట్టలేదు, ఇక్కడా ముట్టలేదు. మిగతావి తినేసి, దాని చుట్టూ నడిచి వెళ్ళిపోతాయి. చచ్చినవాడికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదని, ఎవరైనా "తీరుస్తాం" అని మాట ఇస్తే ముడుతుందని నీకూ తెలుసు. మన ఇంట్లో మాట ఇచ్చేవాళ్ళు లేరు కదా.

గయలో ఊరు, తండ్రి పేరు అడుగుతారట. నువ్వు ముప్పై ఏళ్ళుగా ఇరాక్ వాళ్ళ మధ్య ఉంటున్నావు. వాదు అంటే ఏ ప్రాంతం పేరో, ఏ కులమో, ఎవరినైనా అడిగి రాయి.

అన్న
శేషాచలం

*

షెపర్టన్, విక్టోరియా
20 జూన్ 2025

అన్నా,

నమస్కారం. నిమ్మచెట్టు బాగా కాసినందుకు సంతోషం. కాళ్ళ వాపు సంగతి ఇంకా చెప్పలేదు.

ముందు నా మాట. నీ గుండె కొట్టుకోవలసిన బలంలో సగం కూడా కొట్టుకోవడం లేదు. పోయిన డిసెంబరు రిపోర్టు నేను చూశాను. సిడ్నీ నుంచి గయ దాకా విమానాలు మారుతూ, మెట్లు ఎక్కుతూ, ఉపవాసం ఉంటూ! నువ్వు అందరినీ దింపడం కాదు, నిన్ను దింపడానికి సుబ్బు మిగులుతాడు. వెళ్ళనని రాయి. "చూద్దాం" అని రాస్తావని తెలుసు. మన ఇంటి ఎద్దులు కూడా "చూద్దాం" అనే అరిచేవని అమ్మ అనేది.

ఇక్కడ పొద్దున్నే మంచు గడ్డకడుతోంది. తోటల్లో పియర్ చెట్ల కొమ్మలు కత్తిరిస్తున్నారు. మా పక్కింటి నజాత్ గారు కూడా తన పెరట్లో ఉన్న రెండు చెట్లనూ తనే కత్తిరించుకుంటుంది. ఈమె సంగతి నీకు ఎప్పుడో చెప్పాను. ఇరాక్‌లో సమావా పక్కన బడిలో లెక్కలు చెప్పేది. ముందు నా పేషంటు, మా ఆయన ద్వారకానాథ్ పోయాక నాకున్న ఒక్క స్నేహితురాలు. నిన్న గోడ మీదుగా అడిగాను, వాదు అని పేరుంటుందా అని.

ఆమె నా నోట ఆ పేరు విని నవ్వింది. "మా అక్క మనవరాలు! వఅద్. మెల్‌బోర్న్‌లో డెంటిస్ట్" అంది. ఆ మధ్యలోది గొంతు లోపలి నుంచి తీసి పలకాలి, మన అక్షరాల్లో లేదు. మగవాళ్ళకు పెట్టరా అంటే పెడతారు గానీ ఆమెకు తెలిసినవాళ్ళంతా ఆడపిల్లలేనట.

కనుక అన్నా, నూరేళ్ళుగా మనం నీళ్ళు వదులుతున్నది ఒక ఆడమనిషికి అయి ఉండవచ్చు. అవ్వకు తెలిసి ఉంటే ఆ ముద్దను జేజినాయన నెత్తినే కొట్టి ఉండేది.

ప్రసూన

*

ఎడ్మండ్‌సన్ పార్క్
2 జూలై 2025

ప్రసూనా,

దీవెనలు. నీకు ఇది నవ్వులాట. నేను మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కోడలు ప్రియ నాకు అజీర్తి అనుకుని సోంపు నీళ్ళు కాచి ఇస్తోంది.

జేజినాయన అలాంటివాడు కాదు. ఆయన పోయేనాటికి నీకు తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు. చివరి ఏడాది నేను ఆయన పక్కనే పడుకున్నాను. కానీ తర్వాత ఆలోచించాను. పటాలంలో ఉన్నాడు, పాతికేళ్ళవాడు, నాలుగేళ్ళు ఇల్లు చూడలేదు. ఎందుకు కాకూడదు? అవ్వకు తెలిసి కూడా ముద్ద వండి ఇచ్చేదా? హారిస్ పార్క్ శాస్త్రిగారికి మెయిల్ పెట్టించాను. ఆడమనిషి అయితే మంత్రంలో మార్పు ఉంటుందట, ముందే చెప్పమన్నాడు. ఇన్నేళ్ళూ తప్పు చదివామా? అందుకే కాకి ముట్టలేదా?

ఇంకొకటి తోచింది. ఆమె ఉంటే, బిడ్డ ఉందేమో. ఉంటే ఆ బిడ్డ పిల్లలు మనకు ఏమవుతారు? మీ ఊళ్ళో ఇంతమంది ఇరాక్ వాళ్ళున్నారు. మద్రాసు పటాలం సిపాయికి పుట్టినవాళ్ళు ఎవరైనా తమ ఇళ్ళల్లో ఉన్నారా అని నజాత్ గారిని అడుగు. మర్యాదగా అడుగు.

అసలు నువ్వు ఇంటిపేరు చెప్పావా? నీ ఉత్తరంలో వాదు అనే ఉంది. మన వాళ్ళల్లో వట్టి పేరుతో ఎవరిని పోల్చుకుంటాం? పూర్తిగా చెప్పు. వేనిల్ వాదు. జేజినాయన ఎప్పుడూ రెండూ కలిపే అనేవాడు. జ్వరంలో కూడా అంతే. కుడిచెయ్యి ఇలా ముందుకు చాచి, అరచెయ్యి పైకి పెట్టి, దాన్నే చూస్తూ, "వేనిల్ వాదు, వేనిల్ వాదు" అనేవాడు. పిలుస్తున్నట్టు ఉండేది. నేను లేచి వాకిట్లోకి చూసేవాణ్ణి, ఎవరైనా వచ్చారేమోనని.

ప్రయాణం సంగతి చూద్దాం.

అన్న

*

షెపర్టన్
24 జూలై 2025

అన్నా,

ఆలస్యం ఎందుకైందో చెబుతాను.

నువ్వు అడగమన్నది అడిగాను. అడగకుండా ఉండవలసింది. "మీ ఇళ్ళల్లో మా సిపాయిలకు పుట్టినవాళ్ళు ఉన్నారా" అనే మాటకు మర్యాద ఎక్కడ నుంచి వస్తుంది? నజాత్ గారు కొమ్మల కత్తెర కింద పెట్టి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పది పన్నెండు రోజులు పలకలేదు. కొట్లో ఎదురైతే టీ పొడి డబ్బాలు చూస్తూ నిలబడింది.

పోయిన ఆదివారం తనే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీ తాత ఏమన్నాడో సరిగ్గా చెప్పు. ఊహలు వద్దు" అంది. నువ్వు రాసినట్టే చెప్పాను. చెయ్యి చాచి చూపించాను. ఇంటిపేరు వేనిల్, పేరు వాదు అన్నాను.

"మళ్ళీ చెప్పు. మధ్యలో ఆగకుండా."

వేనిల్ వాదు అన్నాను.

ఆమె అప్పుడు కూర్చుంది.

అన్నా, అది మనిషి పేరు కాదు. ఇంటిపేరు కాదు. వాళ్ళ భాషలో 'వేన్' అంటే ఎక్కడ. 'ఇల్ వఅద్' అంటే ఇచ్చిన మాట. ఆడపిల్లలకు పెట్టే పేరుకూ అర్థం అదేనట. వేన్ ఇల్ వఅద్. ఇచ్చిన మాట ఏదీ, ఎక్కడ ఉంది, అని అడగడం.

ఏం మాట అన్నాను. ఆమెకు ఇంగ్లీషు తడుముకునే అలవాటు లేదు గానీ ఆ రోజు మెల్లగా చెప్పింది. మొదటి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ సైన్యం తుర్కుల్ని తరుముతూ బాగ్దాదులోకి వచ్చింది. మేము జయించడానికి రాలేదు, మిమ్మల్ని విడిపించడానికి వచ్చాం, మీ దేశం మీరే ఏలుకోండి అని ప్రకటన చదివారు. యుద్ధం అయిపోతూనే ఫ్రాన్సుతో కలిసి మళ్ళీ అదే చెప్పారు. చెప్పడానికి ముందే ఆ నేలనంతా ఇద్దరూ పంచుకుని ఉన్నారు. ఆ దేశంవాళ్ళు ఇవ్వమని అడిగి, లేదంటే తిరగబడ్డారు. 1920లో. ఇంగ్లీషు సైన్యం ఏటి వెంబడి ఊళ్ళన్నీ తగలబెట్టింది. తగలబెట్టింది ఎక్కువమంది ఇండియా పటాలాలవాళ్ళే అంది. నా మొహం చూడకుండా అంది.

తర్వాత ఆమె తన సంగతి చెప్పింది. 1991లో అమెరికావాళ్ళు రేడియోలో మీ ప్రభుత్వం మీద లేవమన్నారు, మేమున్నామన్నారు. ఆమె భర్త లేచాడు. ఎవరూ రాలేదు. "మా ఇంట్లో మేమూ అదే అడిగాం. అవే రెండు మాటలు. నీ తాతకు వాటిని ఎవరు చెప్పారు?" అంది.

నాకు తెలియదన్నాను. నీకు తెలుసేమో రాయి.

ప్రసూన

*

ఎడ్మండ్‌సన్ పార్క్
3 ఆగస్టు 2025

ప్రసూనా,

నన్ను గయకు పోకుండా ఆపాలని నీకు మొదటి నుంచీ ఉంది. గుండె చూపించి ఆపలేకపోయావు. ఇప్పుడు ఇది. ఒక మనిషి ఉన్నాడని అరవయ్యేళ్ళు నమ్మి నీళ్ళు వదిలాను. ఆ మనిషే లేడు, పోవలసిన పని లేదు, ఇంట్లో కూర్చో అంటున్నావు. బాగా అల్లావు. చదువుకున్నదానివి కదా.

టికెట్ తీసుకున్నాను. సుబ్బుకు చెప్పాను.

శేషాచలం

*

షెపర్టన్
12 ఆగస్టు 2025

అన్నా,

నలభై ఏళ్ళు డాక్టరు పని చేశాను. అబద్ధం చెబితే మనిషి ఇంకో నెల హాయిగా ఉంటాడని తెలిసినప్పుడు కూడా చెప్పలేదు. ద్వారకానాథ్ ఎన్నాళ్ళున్నాయని అడిగారు, చెప్పాను. ఆయన ఆ తర్వాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఉన్నవే కొన్ని రోజులు.

నీకు ఇంతకంటే రాసేది లేదు.

ప్రసూన

*

ఎడ్మండ్‌సన్ పార్క్
30 ఆగస్టు 2025

ప్రసూనా,

నీ ఉత్తరం చేరిన రోజు నుంచి రాద్దామని కూర్చోవడం, లేవడం. చైత్ర వచ్చి "ఆర్ యూ ఓకే తాతా?" అని బొటనవేలు పైకెత్తి అడుగుతోంది. నేనూ బొటనవేలు ఎత్తి పంపేస్తున్నాను.

నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ద్వారకానాథ్ గారి సంగతి నాకు తెలియదు.

జేజినాయనకు ఆ రెండు మాటలూ ఎవరు చెప్పారని ఆమె అడిగింది కదా. నాకు తెలిసినవి ముక్కలు. అవ్వ పొయ్యి దగ్గర చెప్పినవి. ఒకదానితో ఒకటి అతికించి చూడాలని ఎప్పుడూ తోచలేదు.

జేజినాయనది వంతెనలు కట్టే పటాలం. పడవలవాళ్ళతో పని కాబట్టి వాళ్ళ భాష పట్టుబడింది. ఒక ఊళ్ళో దొర కాగితం చదివించాడట. జనం వింటూ నిలబడ్డారట. ఎవరూ నమ్మలేదట. అందులో ఒక పెద్దాయన దొరను దాటి వచ్చి, జేజినాయన ఎదురుగా నిలబడి, ఇది నిజమేనా అని ఆయన్ని అడిగాడట. ఎందుకంటే దొర తెల్లవాడు, ఈయన తమలాంటి రంగువాడు. "నిజమేనని చేతిలో చెయ్యి యేసినాడంట. దాంతో ఊరంతా ఖర్జూరాలు తెచ్చి పెట్టినారంట, పడవలన్నీ ఇచ్చినారంట" అని అవ్వ గొప్పగా చెప్పేది. అదొక ముక్క.

రెండో ముక్క వేరే ఎప్పుడో చెప్పింది. "రెండోతూరి పోయినప్పుడు ఆ ఊరు లేదంటప్పా." ఊరు లేకపోవడమేమి అవ్వా, ఏట్లో కొట్టుకుపోయిందా అంటే, "ఏమో, లేదన్నాడు" అంది.

వంతెన కట్టేవాళ్ళనే కూల్చడానికి పిలుస్తారు ప్రసూనా. ఎక్కడ మందు పెడితే గోడ పడుతుందో వాళ్ళకే తెలుసు. నేను ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి, ఇది నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ ఊరు లేకుండా పోయిన రోజు జేజినాయన అక్కడ ఉన్నాడు. చెయ్యి పట్టుకున్న ఆ పెద్దాయనో, ఆయన కొడుకో, ఎవరో ఒకరు ఆయన్ని గుర్తుపట్టి ఆ రెండు మాటలు అడిగి ఉంటారు. ఆయన వాటికి జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే పడుకున్నప్పుడు అనేవాడు కాదు.

మనింట్లో ఎందుకు ఎవరూ మాట ఇవ్వరో ఇప్పుడు అర్థమైందా? నీకు ఏడేళ్ళప్పుడు శేషగిరి మామ వచ్చి, నిన్ను తన కొడుక్కు ఇస్తానని చేతిలో చెయ్యి వెయ్యమన్నాడు. నాన్న వేశాడు. జేజినాయన లోపలి నుంచి చెంబుతో వచ్చి, ఇద్దరి చేతులూ విడదీసి, నాన్న చేతి మీద నీళ్ళు కుమ్మరించాడు. "ఎవరి చేతిలోనూ చెయ్యి పెట్టొద్దురా. చూద్దామను. సచ్చేదాకా చూద్దామనే చెప్పు" అన్నాడు. మామ తిట్టుకుంటూ పోయాడు. ఆ చెంబే లేకపోతే నువ్వు డాక్టరువి కాదు, శేషగిరి మామ కోడలివి.

ఇంకొకటి రాసి ముగిస్తాను. నేను రోజూ పొద్దున ఐప్యాడ్‌లో మన పేపర్లు చదువుతాను. ఏ పేజీలో చూసినా ఇది ఉంటుంది: హామీలకు తిలోదకాలు, ఇచ్చిన మాటకు తిలోదకాలు. వదిలేశారు, మోసం చేశారు అనడానికి అలా రాస్తారు. వేలసార్లు చదివి ఉంటాను. అది రాతకు వాడే మాట అనుకున్నాను. జేజినాయన దాన్ని చేశాడు. నువ్వులూ నీళ్ళూ తీసుకుని, గోత్రం పెట్టి, ఇచ్చిన మాటకు ఏటా నీళ్ళు వదిలాడు. ఇంగ్లీషువాళ్ళు వదిలేసిందాన్ని ఆయన కూడా వదిలేశాడు. నాన్న చేత, నా చేత వదిలించాడు. తెలియక మేమూ వాళ్ళ పక్కనే నిలబడ్డాం.

ఇక దాన్ని గయకు తీసుకుపోయి ఏం చెయ్యను?

అన్న

*

షెపర్టన్
9 సెప్టెంబర్ 2025

అన్నా,

నమస్కారం. ఇక్కడ పియర్ చెట్లు పూస్తున్నాయి. తోటల పక్కగా కారులో పోతుంటే ఊరంతా సున్నం చల్లినట్టుంది. నజాత్ గారి రెండు చెట్లలో ఒకటే పూసింది. రెండోదాన్ని ఆ పది పన్నెండు రోజుల కోపంలో మరీ ఎక్కువ కత్తిరించింది.

నీ ఉత్తరాన్ని ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. అడుగుతూ ఉంది, దాచలేకపోయాను. ఖర్జూరాలు, పడవలు, చెయ్యి. తర్వాత ఊరు లేకపోవడం. అంతా విని, "ఏ ఊరు?" అంది. తెలియదన్నాను. "చాలా ఊళ్ళు" అంది.

ఆ తర్వాత మనం చేసేదేమిటో అడిగింది. నీళ్ళ సంగతి, ముద్ద సంగతి చెప్పాను. కాకి ముట్టదని కూడా చెప్పాను. ఆమె నవ్వింది. నేను ఆ నవ్వును ఇంతకుముందు చూడలేదు. "అది చచ్చిపోయిందని మీకు ఎవరు చెప్పారు? బతికి ఉన్నదాని కోసం పెట్టిన కూడు ఏ పక్షి తింటుంది?" అంది.

ఇక నీ మాట. జేజినాయన వదిలేశాడని నువ్వంటావు. నాకు అలా అనిపించడం లేదు. వదిలేసినవాడు ఒక్కసారి వదిలి ఊరుకుంటాడు. మన పేపర్లలో రాసేవాళ్ళంతా అంతే కదా. ఆయన ప్రతి ఏడూ వదిలాడు. మళ్ళీ వచ్చే ఏడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఏమీ మిగలకుండా వదలడం ఆయనకు చేతకాలేదేమో. దాన్ని నువ్వు ఏమైనా అనుకో. నేను మాత్రం వాళ్ళ పక్కన ఆయన్ని నిలబెట్టను. ఆ రోజు నిలబడ్డాడు, నిజమే. అది మనం మార్చలేం.

నజాత్ గారు నిన్ను చూడాలంటోంది. ఎందుకన్నాను. "ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళ మనిషిని చూడాలి" అంది. తిట్టడానికో, మరెందుకో నాకు తెలియదు. డిసెంబరులో కాయలు దిగుతాయి, చలి ఉండదు. రైల్లో రావచ్చు, విమానం వద్దు.

గయ సంగతి నువ్వే రాశావు కాబట్టి నేను రాయను. టికెట్ ఇంకా ఉందా?

ప్రసూన

*

ఎడ్మండ్‌సన్ పార్క్
24 సెప్టెంబర్ 2025

ప్రసూనా,

దీవెనలు. టికెట్ లేదు. సుబ్బు నొచ్చుకున్నాడు, కొత్త బూట్లు కూడా కొన్నాడట. హేమచంద్రకు అంతా చెప్పాను. తిరుపతి కాదు గయ అన్నందుకు కోప్పడ్డాడు. తర్వాత వాదు సంగతి చెబితే, చాలాసేపు నా ఎదురుగా కూర్చున్నాడు. ఏమన్నాడో నాకు వినిపించలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

అమావాస్య ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే పెరట్లో, బట్టలారేసే గొడుగు దండెం కింద. శాస్త్రిగారు ఐప్యాడ్‌లో. హేమచంద్ర దాన్ని పట్టుకున్నాడు. నాకు మంత్రం వినిపించదు కాబట్టి, ఎప్పుడు నీళ్ళు వదలాలో చైత్ర నా భుజం మీద తట్టి చెబుతుంది. ప్రియ వండి ఇచ్చింది. ముద్దలు నేనే కట్టాను. చివరి ముద్ద కట్టలేదు. చివరి పేరు ఇక వద్దని శాస్త్రిగారికి ముందే మెయిల్ పెట్టించాను.

నాన్నకు, అమ్మకు, అవ్వకు, జేజినాయనకు అయింది. ఇంక లేవబోతున్నాను. అలవాటు చూడు, నా చెయ్యి దానంతట అదే ఇంకోసారి నువ్వులూ నీళ్ళూ తీసుకుంది. తలెత్తి చూస్తే, అలవాటు ఆయనకూ అంతే, శాస్త్రిగారి పెదవులు కదులుతున్నాయి. వినిపించకపోయినా నాకు తెలుసు. అరవయ్యేళ్ళుగా ఒక్కో పురోహితుడి నోట చూస్తున్న కదలిక. కాశ్యప గోత్రం, వేనిల్ వాదు.

చైత్ర భుజం తట్టింది.

అరచెయ్యి వంచి, బొటనవేలి పక్క నుంచి వదలాలి కదా. నేను వంచలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాను. చైత్ర మళ్ళీ తట్టింది. నేను మర్చిపోయాననుకుంది. హేమచంద్ర "నాన్నా" అని ఉంటాడు. వేళ్ళు గట్టిగా దగ్గరికి బిగించాను. అయినా ఈ వయసు చేతుల్లో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి? సందుల్లోంచి బొట్టు బొట్టుగా కారిపోయాయి. నేను వదలలేదు, అవే పోయాయి. నువ్వులు మాత్రం అరచేతికి అంటుకుని మిగిలాయి. అప్పుడు నాకు జేజినాయన ఎలా చెయ్యి చాచి చూసుకునేవాడో గుర్తొచ్చింది. నా చెయ్యి అలాగే ఉంది.

దీన్ని వదిలినట్టు అంటావా, వదలనట్టు అంటావా? నువ్వు నాకంటే చదువుకున్నావు.

చైత్రకు తర్వాత అంతా చెప్పాను, నా ఇంగ్లీషులో. "సో ఇట్స్ నాట్ ఈవెన్ ఎ పర్సన్?" అంది కాగితం మీద రాసి. కాదన్నాను. "దెన్ వాట్ డు ఐ డూ విత్ ఇట్? ఆఫ్టర్ యూ?" అని రాసింది. చూద్దాం అనబోయి, ఆగాను. తెలియదమ్మా అన్నాను. అదైనా నిజం.

డిసెంబరులో షెపర్టన్ వస్తాను. రైల్లోనే. నజాత్ గారికి చెప్పు. నేను ఏం రాశానో ఇంకోసారి చదువుకో. మన ఇంట్లో ఇలా రాసినవాడు నాకు తెలిసి లేడు.

ఒకటి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. మనవాళ్ళ ముద్దలు కాకులు ఎప్పటిలాగే తినేసి వెళ్ళాయి. అంతా సర్దుకుని లోపలికి వచ్చాం. కాసేపటికి చైత్ర వచ్చి నా చొక్కా పట్టుకుని లాగి, వెనక కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. ఒక కాకి ఉంది. మేము ఎప్పుడూ చివరి ముద్ద పెట్టే చోట, గొడుగు కర్రకు కాస్త అవతల, వట్టి గడ్డిలో. ఈ ఏడు అక్కడ ఏమీ లేదు. అయినా అది అక్కడే నిలబడి, ఇంటి వైపు చూస్తూ, నోరు తెరిచి మూస్తోంది. ఇక్కడి కాకులు పసిబిడ్డ ఏడ్చినట్టు చివర సాగదీస్తాయని నువ్వే ఒకసారి చెప్పావు. నాకు వినిపించదు.

ఏమంటోంది అని చైత్రను అడిగాను. పిల్ల కాస్త విని, కాగితం తీసుకుని రాసింది. "సౌండ్స్ లైక్ ఇట్స్ ఆస్కింగ్ సమ్‌థింగ్."

ఏమని అడుగుతోంది అని నేను అడగలేదు. చీకటి పడేదాకా అది అక్కడే ఉంది.

అన్న
శేషాచలం